బోధిసత్వుడు పునీతుడైన వైనం

పునీతుల చరిత్రలంటే మన అభ్యుదయ విమర్శకులకు మొదటినుంచీ ఒక చులకన ఉంది. మహిమలు, మూఢనమ్మకాలు, మతప్రచారం అనే మూడు మాటలతో వాటిని తోసిపుచ్చి చేతులు దులుపుకుంటాం. ఈ అలవాటు నాకూ ఉండేది. కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య సదస్సులో బసవపురాణం మీద మాట్లాడుతూ, "భక్తుల కథలు ఏ మతానివైనా ఒకే సరుకు, క్యాథలిక్కుల పునీతుల చరిత్రలూ ఇంతే" అని ఒక విసురు విసిరాను. సభలో నవ్వారు. మా బడిలో లెక్కలు చెప్పే మిత్రులు కూడా ఆరోజు సభకు వచ్చారు. ఆయన ఆర్‌సీయం సంఘస్థులు. తిరుగు ప్రయాణంలో బస్సులో ఆయన ఒకేఒక్క మాట అడిగారు: "మాస్టారూ, మీరు ఒక్క పునీతుడి చరిత్రయినా చదివారా?"

చదవలేదు. తెలుగు ఎమ్మే చదివినవాణ్ణి, సోమనాథుడి ద్విపదలు పిల్లలచేత బట్టీ పట్టించినవాణ్ణి, చదవని పుస్తకాల మీద తీర్పు చెప్పాను. భౌతికవాదికి ఇంతకంటే సిగ్గుచేటు మరొకటి లేదు. ఆ సిగ్గులోంచి మొదలైన చదువు నన్ను ఎక్కడికి తీసుకుపోయిందో చెప్పడమే ఈ వ్యాసం పని. అది చివరకు మా ఊరికి బస్సు దూరంలో ఉన్న అమరావతికే తెచ్చి దింపింది.

ముందు ఒక మాట. ఇంగ్లీషులో 'లెజెండ్' అంటే మనం కట్టుకథ అని అర్థం చెప్పుకుంటున్నాం. దాని లాటిన్ మూలం 'లెజెండా'. చదవవలసినది అని దానికి అర్థం. పునీతుడి పండుగ రోజున మఠంలోనూ గుడిలోనూ పైకి చదివి వినిపించవలసిన చరిత్ర అన్నమాట. అంటే ఇది ఏకాంతంలో చదువుకునే సాహిత్యం కాదు, శ్రవణ సాహిత్యం. 13వ శతాబ్దంలో, రమారమి 1260 ప్రాంతంలో, ఇటలీకి చెందిన జాకొబస్ డి వొరాజినె అనే డొమినికన్ మఠవాసి ఇలాంటి చరిత్రలన్నిటినీ సంవత్సరంలోని పండుగల వరసలో ఒకచోట కూర్చాడు. 'గోల్డెన్ లెజెండ్' అనే పేరుతో అది యూరప్ అంతా పాకింది. 1483లో కాక్‌స్టన్ దాన్ని ఇంగ్లీషులో అచ్చువేశాడు. మన సోమనాథుడు జానుతెనుగులో భక్తుల కథలు గుదిగుచ్చిన శతాబ్దమూ దాదాపు అదే. ఇద్దరూ ఒకరినొకరు ఎరుగరు. అయినా ఇద్దరికీ ఎదురుగా ఉన్నది పండితుడు కాదు, వినే జనం.

ఆ గోల్డెన్ లెజెండ్‌లోనే బర్లామ్, జోసఫత్ అనే ఇద్దరు పునీతుల కథ ఉంది. కథ ఇది.

ఇండియాలో అబెన్నెర్ అనే రాజు ఉంటాడు. అతడు క్రైస్తవ సన్యాసుల్ని హింసించేవాడు. అతనికి చాలాకాలానికి కొడుకు పుడతాడు. జ్యోతిష్కులు పిల్లవాడి గొప్పతనం గురించి చెబుతుండగా వారిలో ఒకడు మాత్రం, ఇతడు నీ రాజ్యానికి కాక మరో రాజ్యానికి అధిపతి అవుతాడని అంటాడు. రాజు భయపడి, ముసలితనం, రోగం, చావు అనేవి పిల్లవాడి కంట పడకుండా ఒక భవనం కట్టించి అందులో పెంచుతాడు. పెరిగిన రాకుమారుడు బయటికి వెళ్ళి ఒక కుష్ఠురోగినీ ఒక గుడ్డివాణ్ణీ చూస్తాడు. మరోరోజు పళ్ళూడి నడుం వంగిన ముసలివాణ్ణి చూస్తాడు. ఇది అందరికీ తప్పదా అని అడుగుతాడు. తప్పదంటారు.

ఇక్కడికి వచ్చేసరికి నేను పుస్తకం మూసేశాను. ఇది చిన్నప్పటి నుంచీ మనం వింటున్న కథ! కపిలవస్తు, శుద్ధోదనుడు, సిద్ధార్థుడు. పేర్లు తప్ప ఏమీ మారలేదు.

కథలో తర్వాతి భాగం కొంత వేరే దారి పడుతుంది. అడవిలో ఉన్న బర్లామ్ అనే సన్యాసి, వర్తకుడి వేషంలో వెలలేని రత్నం అమ్ముతానంటూ వచ్చి రాకుమారుడికి ఉపదేశం చేస్తాడు. రాజు దాన్ని విరగ్గొట్టడానికి వాదాలు పెట్టిస్తాడు, అందగత్తెల్ని పంపిస్తాడు. ఏదీ పారదు. చివరకు సగం రాజ్యం ఇస్తాడు, తానే మతం మారతాడు. తండ్రి పోయాక జోసఫత్ రాజ్యం వదిలి ఎడారికి వెళ్ళి, గురువును వెతికి కలుసుకొని, అక్కడే తపస్సులో చనిపోతాడు.

ఈ ఇద్దరికీ రోమన్ పునీతుల పట్టికలో 16వ శతాబ్దంలో స్థానం దొరికింది. నవంబరు 27 వారి పండుగ. పోపు విచారణ జరిపించి ప్రకటించిన పునీతులు కారు వీరు. అలాంటి పద్ధతి స్థిరపడడానికి ముందే జనం నోట పునీతులైనవారు. 1571లో వెనిస్ పాలకుడు పోర్చుగల్ రాజు సెబాస్టియన్‌కు జోసఫత్ పునీతుడి ఎముకను కానుకగా పంపాడు. చేతులు మారి అది ఆంట్‌వెర్ప్ నగరంలోని ఒక చర్చికి చేరింది. ఆ ఎముక ఎవరిదో, పాపం!

ఇది ఎలా జరిగింది? బోధిసత్వుడు జోసఫత్ ఎలా అయ్యాడు? పండితులు ఈ దారిని అంచెలంచెలుగా తవ్వి తీశారు. బౌద్ధుల కథ మధ్య ఆసియా మీదుగా పడమటికి నడిచింది. తుర్ఫాన్ ఎడారి శిథిలాల్లో దొరికిన మానీ మతస్థుల రాతప్రతుల ముక్కల్లో దాని ఆనవాళ్ళున్నాయి. అక్కణ్ణుంచి అరబ్బీలోకి వచ్చి 'బిలౌహర్, బూదాసఫ్' అయింది. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. అరబ్బీ లిపిలో 'బ' కింద ఒక చుక్క, 'య' కింద రెండు చుక్కలు. లేఖకుడి కలం జారి ఒక చుక్క ఎక్కువ పడితే బూదాసఫ్ కాస్తా యూదాసఫ్ అవుతాడు. అయ్యాడు. మన తాళపత్రాల్లో 'వ', 'ప' తారుమారై ఎన్ని పాఠభేదాలు పుట్టాయో, వాటి మీద ఎన్ని పరిష్కర్తల కలహాలు నడిచాయో మనకు తెలియనిది కాదు. ఒక్క చుక్కతో ఒక బోధిసత్వుడికి కొత్త పేరు వచ్చింది.

జార్జియన్ భాషలోకి వెళ్ళినప్పుడు, 9, 10 శతాబ్దాల నాటికి, కథ క్రైస్తవమయింది. యూదాసఫ్ అక్కడ ఇయోదాసఫ్. ఏథోస్ పర్వతం మీద మఠంలో ఉన్న యూథిమియస్ అనే జార్జియన్ సన్యాసి, 1028లో చనిపోవడానికి ముందు, దాన్ని గ్రీకులోకి తెచ్చాడని నేటి పండితులు చాలామంది ఒప్పుకుంటారు. గ్రీకులో ఇయోయాసఫ్. లాటిన్లో జోసఫత్. అప్పటికి ఆ పేరు పాత నిబంధనలోని యూదా రాజు యెహోషాపాతు పేరుతో కలిసిపోయింది. మొదటి లాటిన్ అనువాదం 1048 నాటిది. ఆ తర్వాత ఫ్రెంచి, జర్మన్, నార్వే భాష, ఏ భాషలో లేదని అడగడమే తేలిక. యూదులు హీబ్రూలో తమ రాకుమారుణ్ణి చేసుకున్నారు. షియా పండితుడు ఇబ్న్ బాబవైహ్ 10వ శతాబ్దంలోనే తన గ్రంథంలో చేర్చుకున్నాడు. బౌద్ధం, మానీ మతం, ఇస్లాం, క్రైస్తవం, యూదుమతం - ఇన్ని మతాలు ఒకే కథను తమదే అనుకున్నాయి. 1591లో జపాన్‌లో జెస్యూట్ల అచ్చుకూటం పునీతుల చరిత్రల సంపుటం వేస్తే అందులోనూ ఈ కథ ఉంది. అంటే బౌద్ధుల దేశానికి బుద్ధుణ్ణి తీసుకువెళ్ళి, ఇదిగో మా పునీతుడు అని చూపించారు. ఇచ్చినవాడికీ తెలియదు, పుచ్చుకున్నవాడికీ తెలియదు.

మార్కోపోలో సింహళం గురించి చెబుతూ శాక్యముని చరిత్ర విని, ఈయనే గనక క్రైస్తవుడై ఉంటే గొప్ప పునీతుడయ్యేవాడని రాశాడు. అప్పటికే అయి కూర్చున్నాడని ఆయనకు తెలియదు. పోర్చుగీసు చరిత్రకారుడు దియోగొ దొ కౌతొ 1612లో అచ్చయిన తన గ్రంథంలో పోలికను గుర్తించాడు. కానీ తలకిందులుగా గుర్తించాడు: ఇక్కడివాళ్ళు కొలిచే బుద్ధుడు మన జోసఫతేనన్నాడు. అధికారం ఎవరి చేతిలో ఉంటే మూలం వారిదవుతుంది. అసలు సంగతి 1859లో ఫ్రాన్సులో లబూలే, మరుసటి ఏడు జర్మనీలో లీబ్రెక్ట్ తేల్చారు.

ఇంతవరకూ చెప్పి ఆగితే మనవాళ్ళు చప్పట్లు కొడతారు. 'చూశారా, మా బుద్ధుణ్ణి వాళ్ళు పూజించారు' అని ఛాతీలు విరుచుకుంటారు. నాకు ఈ గర్వం మీద బొత్తిగా గౌరవం లేదు. ఎందుకంటే కథ ఊరికే ప్రయాణం చెయ్యలేదు. మూల్యం చెల్లించింది. ఆ మూల్యం ఏమిటో చూడడమే విమర్శకుడి పని.

మొదటిది, సిద్ధార్థుడికి ఎవరూ ఉపదేశం చెయ్యలేదు. గురువుల్ని ఆశ్రయించాడు, చాలక వదిలేశాడు, తన ఆలోచనతో తానే తేల్చుకున్నాడు. జోసఫత్‌కు సమాధానం రత్నంలాగా బయటి నుంచి, వర్తకుడి సంచిలో వస్తుంది. అతడు చెయ్యవలసింది స్వీకరించడమే. ప్రశ్న మిగిలింది కాని ప్రశ్నించినవాడి స్వాతంత్ర్యం పోయింది.

రెండవది నన్ను ఎక్కువ కలవరపెట్టింది. జోసఫత్‌కు పెళ్ళి కాలేదు. యశోధర లేదు, రాహులుడు లేడు. బుద్ధకథలో అన్నిటికంటే కఠినమైన ఘట్టం ఏది? నిద్రపోతున్న భార్యనూ పసిబిడ్డనూ వదిలి వెళ్ళడం. ఆ రాత్రి గురించి మన దేశంలో కవులు రెండువేల ఏళ్ళుగా ఆలోచిస్తూనే ఉన్నారు, కొందరు బుద్ధుణ్ణి నిలదీశారు కూడా. బ్రహ్మచర్యమే ఆదర్శమైన మఠాల చేతిలో పడ్డాక ఆ రాత్రి కథలోంచి మాయమయింది. త్యాగం సులువైపోయింది. యశోధర కన్నీరు లేకపోతే జోసఫత్ వదిలింది కిరీటం మాత్రమే.

మూడవది రాజ్యం. సిద్ధార్థుడు రాజ్యం చెయ్యలేదు. జోసఫత్ సగం రాజ్యం ఏలి, విగ్రహాల గుళ్ళు కూలగొట్టించి, చర్చిలు కట్టించి, దేశాన్నంతటినీ మార్చి, ఆ తర్వాత అడవికి పోతాడు. అంటే సన్యాసానికి ముందు ఆదర్శ ప్రభువు. ఫ్యూడల్ యూరప్‌లో ప్రభువుల కొలువుల్లో ఈ కథకు దొరికిన ఆదరణ వెనుక ఇదీ ఒక కారణమని నా అభిప్రాయం. భూస్వామి విని కంట తడిపెట్టి, రేపు చేద్దాంలే అనుకొని, పన్నుల లెక్కకు కూర్చోవచ్చు.

అయితే ఈ కథ పొట్టలో కొన్ని పిట్టకథలున్నాయి. వాటిని ఏ మఠమూ పూర్తిగా మెత్తబరచలేకపోయింది. ఒకటి చెబుతాను.

ఒక రాజు బంగారు రథం మీద పోతూ, చినిగిన బట్టలతో ఎముకల గూళ్ళలాగా ఉన్న ఇద్దరు మనుషులను చూసి, రథం దిగి వాళ్ళ కాళ్ళకు మొక్కుతాడు. సామంతులకు చిన్నతనమనిపిస్తుంది. తమ్ముడి చేత చెప్పిస్తారు. ఆ రాజ్యంలో మరణశిక్ష పడ్డవాడి గుమ్మం ముందు బూర ఊదడం ఆచారం. ఆ రాత్రి తమ్ముడి గుమ్మం ముందు బూర మోగుతుంది. తెల్లారేసరికి తమ్ముడు భార్యాబిడ్డలతో నల్లబట్టలు కట్టుకొని ఏడుస్తూ వస్తాడు. రాజు అంటాడు: ఏ తప్పూ చెయ్యని నువ్వు అన్న బూరకే ఇంత వణికితే, దేవుడి బూర మోసుకు తిరిగేవాళ్ళకు నేను మొక్కడం తప్పెలా అయింది? తర్వాత సామంతుల వంతు. నాలుగు పెట్టెలు చేయిస్తాడు. రెండిటికి బంగారు రేకు తొడిగి లోపల కుళ్ళిన ఎముకలు, రెండిటికి తారు పూసి లోపల రత్నాలు. వెల కట్టమంటాడు. వాళ్ళు కట్టే వెల ఏమిటో చెప్పనక్కరలేదు.

షేక్స్‌పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్'లోని పెట్టెలకు ఇవి దూరపు పూర్వీకులు. పోర్షియా పెళ్ళికి వాటిని ఎత్తుకుపోయాక చినిగిన బట్టల వాళ్ళిద్దరూ కథలోంచి జారిపోయారు. ఇక మూలం వైపు వెళితే, అశోకావదానంలో అశోకుడు భిక్షువుల కాళ్ళకు మొక్కితే మంత్రి యశుడు తప్పుపడతాడు. రాజు జంతువుల తలలతోపాటు ఒక మనిషి తలను అంగడిలో అమ్మించమంటాడు. మనిషి తలను ఊరికే ఇస్తామన్నా ఎవరూ పుచ్చుకోరు. అప్పుడు, నా తల మాత్రం ఏం విలువ చేస్తుందని అడుగుతాడు. తమ్ముడు వీతశోకుణ్ణి మరణభయంతో ఏడు రోజులు సింహాసనం మీద కూర్చోబెట్టిన కథా అందులోనే ఉంది. బూర కథకు ఈ రెండూ దగ్గరి చుట్టాలే.

మరొకటి బావిలో మనిషి కథ. దీన్ని మనం బర్లామ్ దగ్గర నేర్చుకోనక్కరలేదు. స్త్రీపర్వంలో విదురుడు ధృతరాష్ట్రుడికి చెబుతాడు. అడవిలో తరుముకొచ్చే మృత్యువును తప్పించుకోబోయి మనిషి బావిలో పడి ఊడలు పట్టుకు వేలాడుతుంటాడు. కింద సర్పం, పైన ఎలుకలు, అయినా తేనెచుక్క కోసం నాలుక చాస్తాడు. పడమటికి వెళ్ళేసరికి ఏనుగు బదులు ఒంటికొమ్ము గుర్రం తరుముతుంది. నల్ల ఎలుక, తెల్ల ఎలుక అంటే రాత్రీ పగలూ. ఇటలీలోని పార్మా నగరంలో, అంతెలామి 1196లో మొదలుపెట్టిన జ్ఞానస్నాన మందిరం ద్వారం మీద ఈ చెట్టూ మనిషీ ఎలుకలూ శిల్పంగా ఉన్నాయి. టాల్‌స్టాయ్ జీవితం మధ్యలో ఆత్మహత్య ఆలోచనలతో కొట్టుమిట్టాడుతూ 'నా ఒప్పుకోలు' రాసినప్పుడు తన స్థితి చెప్పుకోవడానికి ఈ కథే దొరికింది. తేనె ఇక తియ్యగా లేదన్నదే ఆయన బాధ. కొడుకులు పోయిన గుడ్డిరాజుకు చెప్పిన కథ రష్యన్ భూస్వామిని పట్టుకుంది.

పునీతుల కథల్ని మత్తుమందుగా మాత్రమే చూసే మిత్రులకు ఒక చారిత్రక ఘటన గుర్తు చెయ్యాలి. 1170ల్లో లియోన్ నగరంలో వాల్డో అనే ధనిక వర్తకుడు వీధిగాయకుడి నోట అలెక్సిస్ పునీతుడి కథ విన్నాడు. పెళ్ళినాటి రాత్రి ఇల్లు వదిలి, తర్వాత తన తండ్రి ఇంటి మెట్ల కిందనే ఎవరూ గుర్తుపట్టని బిచ్చగాడుగా బతికినవాడి కథ అది. వాల్డో ఆస్తి పంచిపెట్టి, బైబిలును జనం భాషలోకి రాయించి, పేదలతో కలిసి బోధించడం మొదలుపెట్టాడు. 1184లో పోపు అతని అనుచరుల్ని బహిష్కరించాడు. ఇంకో పాతికేళ్ళకు అస్సీసీలో ఇంకో వర్తకుడి కొడుకు ఇంచుమించు అదే పని చేశాడు. ఆ ఫ్రాన్సిస్ 1226లో చనిపోతే రెండేళ్ళకే పునీతుడయ్యాడు. తేడా ఎక్కడుంది? ఫ్రాన్సిస్ అనుమతి అడిగాడు, వాల్డో అనుచరులు బోధించవద్దంటే ఆగలేదు.

అంతటితో కూడా అయిపోలేదు. ఫ్రాన్సిస్ పేదరికం గురించి ఏ కథ చెప్పుకోవాలన్న దాని మీద ఆయన శిష్యుల్లోనే యుద్ధం నడిచింది. 1266లో ఆ సంఘం పెద్దలు, బొనవెంచర్ రాసిన చరిత్ర ఒక్కటే ఉండాలి, అంతకుముందు రాసినవన్నీ నాశనం చెయ్యండని ఆజ్ఞ ఇచ్చారు. కొన్ని ప్రతులు ఎక్కడెక్కడో దాగి బతికాయి. పేదరికాన్ని వదలమన్న ఫ్రాన్సిస్కన్లు నలుగురిని 1318లో మార్సెయ్‌లో సజీవదహనం చేశారు. క్రీస్తుకూ శిష్యులకూ ఆస్తి లేదనడం మతద్రోహమని 1323లో పోపు 22వ జాన్ ప్రకటించాడు. ఒక జీవితచరిత్ర పాఠభేదాల కోసం మనుషుల్ని కాల్చారంటే, ఆ సాహిత్యంలో పాలకులకు భయం పుట్టించేది ఏదో ఉందనే కదా అర్థం! నేను సభలో సరుకు అని తోసేసింది దీన్నే.

న్యాయం కోసం ఇదీ చెప్పాలి. పునీతుల చరిత్రల్ని శాస్త్రీయంగా జల్లెడ పట్టే పని మొదలుపెట్టింది నాస్తికులు కాదు, బొల్లాండిస్టులనే జెస్యూట్ పండితులు. 1643లో వారి మొదటి సంపుటాలు వచ్చాయి. కార్మెల్ మఠం తమకు ఏలీయా ప్రవక్తే మూలపురుషుడని చెప్పుకుంటే, ఆధారం లేదన్నందుకు 1695లో స్పెయిన్ ఇంక్విజిషన్ వారి పుస్తకాల్ని నిషేధించింది. అయినా పని ఆపలేదు. జోసఫత్ బుద్ధుడేనన్న సంగతినీ క్యాథలిక్ విజ్ఞానసర్వస్వమే 20వ శతాబ్దం మొదట్లో దాచకుండా అచ్చువేసింది. ఇటీవలి పునీతుల పట్టికలో ఆ పేర్లు లేవు. మన స్థలపురాణాల మీద ఈ మాత్రం పని మన దేవస్థానాలు ఎప్పుడు చేయిస్తాయో!

మళ్ళీ 1859 దగ్గరికి వస్తాను. పారిస్‌లో లబూలే ఈ పునీతుడు మరెవరో కాడు బుద్ధుడని రాసిన ఏడాదే, మద్రాసులో వానకూ ఎండకూ పడివున్న అమరావతి శిల్పాల్ని ఓడలో లండన్‌కు పంపారు. వాటిని 1845లో తవ్వించినవాడు వాల్టర్ ఇలియట్. అంతకు అర్ధశతాబ్దం ముందు, 1797లో మెకంజీ చూసేనాటికే జమీందారు కొత్త ఊరు కట్టుకోవడానికి దిబ్బలోని రాళ్ళు తవ్వుకుపోతున్నారు. ఎన్నో పలకలు సున్నపుబట్టీల్లో కాలిపోయాయి. జోసఫత్ పేరుమీద ఎవరిదో ఎముకను ఆంట్‌వెర్ప్‌లో భద్రంగా దాచుకున్న కాలంలో, బోధిసత్వుడు గడపదాటుతున్న రాతిబొమ్మల్ని ఇక్కడ సున్నం కాల్చుకున్నాం. 'మా బుద్ధుడు' అని ఛాతీ విరుచుకునేవాళ్ళు ఆ బట్టీల్ని కూడా తమ లెక్కలో రాసుకోవాలి.

మొన్న చలికాలంలో తొమ్మిదో తరగతి పిల్లల్ని అమరావతి మ్యూజియం చూపించడానికి తీసుకువెళ్ళాం. లెక్కల మాస్టారు కూడా వచ్చారు. మహాభినిష్క్రమణం గురించి పిల్లలకు చెబుతూ, చప్పుడు వినపడకుండా గుర్రం గిట్టల్ని దేవతాగణాలు చేతుల్లో పట్టుకున్నాయని, అలాంటి పలకలు ఇక్కడి స్తూపానికి ఉండేవని చెప్పాను. అదే ఊపులో జోసఫత్ కథా చెప్పాను. పిల్లలు నవ్వారు, కొందరు రాసుకున్నారు. మాస్టారు అంతా విని, బయట చెట్టు కింద పులిహోర పొట్లాలు పంచుతూ నెమ్మదిగా అన్నారు: "అయితే ఇన్ని వందల ఏళ్ళు మావాళ్ళు జోసఫత్‌కు కొవ్వొత్తి వెలిగించి అడిగినవి ఎవరికి చేరినట్టు, మాస్టారూ?"

నేను పొట్లం అందుకున్నాను. ఒక పిల్లవాడు వచ్చి, ఆ గుర్రం పేరేమిటని అడిగాడు. కంథకం అని చెప్పాను.